పెట్రోలు మూతకు కళాయి

మొన్న అటక మీది పాత ఇనుప సామాను దించి తూకానికి వేయబోతుంటే మా ఆవిడ చేతికి ఒక మూత తగిలింది. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పైనంతా తుప్పు. లోపల మాత్రం మసక వెండిలా ఇప్పటికీ కాస్త మెరిసే కళాయి, దాని నడిమధ్యన మేకుతో పొడిచిన బొక్క ఒకటి. బొక్కపడిన మూత దేనికి పనికొస్తుందని ఆమె దాన్ని గోతంలోకి విసరబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మళ్ళీ చెయ్యి పట్టుకున్నానని ఆమె కాస్త సిగ్గుపడి, పట్టుకున్నది మూత కోసమని తెలిసి కాస్త కోప్పడింది. ఆ మూతలో విలువైన భాగమే ఆ బొక్క, మిగతాదంతా దానికి ఆసరాగా ఉన్న రేకు అని చెప్పాను. ఈ కథ ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదని అడిగింది. చెప్పకపోవడానికి కారణం ఒకటే. ఇందులో తెలివితక్కువవాడి వేషం నాది, ఆ వేషానికి నన్ను తప్ప ఇంకెవరినీ ఎంచుకునే వీలు లేదు.

అప్పటికి నేను కావలిలో బి.యస్సీ. ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉదయగిరిలో మా ఇంట్లో ఉన్నాను. ఉదయగిరిలో ఉంటూ ఉదయం ఎనిమిదికి గాని లేచేవాడిని కాదు. నాయనకు సేద్యం, ఎద్దులు, వాటి మధ్యలో ఒక నల్ల అంబాసిడర్ కారు ఉండేవి. ఆ కారును నెల్లూరులో ఏదో ఆఫీసు వాళ్ళు వేలంలో వదిలించుకుంటే నాయన తగిలించుకున్నాడు. ఆయనకు తోలడం రాదు. కారును కూడా ఎద్దుల లెక్కలోనే చూసేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తించనిచ్చేవాడు కాదు, ఊరి నుంచి రాగానే వేపచెట్టు కింద నీడలో కట్టేయమనేవాడు. కట్టేయమనే అనేవాడు, నిలపమని కాదు. తోలడానికి ఖాదర్ అని ఒక డ్రైవరు ఉండేవాడు. అతను లారీ మీదికి వెళ్ళిపోయాక ఆ సీటు నాకు దక్కింది. ఖాదర్ దగ్గర తోలడం నేర్చుకున్నాను. రిపేరు మాత్రం నేర్చుకోలేదు, చూశాను. చూసిన పనీ నేర్చుకున్న పనీ ఒకటేనని ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరైనా అనుకుంటారు.

మా అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, ఎడమ కంట్లో మనిషి అడ్డం వస్తే నీడ కదిలినట్టు తెలిసేది. అయినా వంటింటి పెత్తనం వదల్లేదు. అడుగుల చప్పుడుతో మనిషినీ, మూత తీసినప్పటి ఆవిరి వాసనతో అన్నం పలుకునీ చెప్పేది. కుండ మీద వేలి కణుపుతో కొట్టి అందులో ఎన్ని గిద్దెల బియ్యం మిగిలాయో చెబితే, అమ్మ కొలిచి చూసి మూతి ముడుచుకునేది. బియ్యంలో రాళ్ళు ఏరడం ఒక్కటి మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. చేటలో బియ్యం పోసుకుని వేళ్ళతో తడుముతూ పొద్దంతా కూర్చునేది. అన్నం తినేటప్పుడు అందరూ మాట్లాడుకుంటూ తింటుంటే ఆమె ఒక్కతే నెమ్మదిగా, భయం భయంగా నమిలేది. రాయి తగిలితే ఏమీ అనకుండా తీసి పళ్ళెం అంచున పెట్టేది. భోజనం అయ్యేసరికి ఆ రాళ్ళు వరసగా ఉండేవి. వాటిని చూస్తే అమ్మకు తిట్టు తిన్నట్టే ఉండేది.

ఆత్మకూరులో కంటి క్యాంపు పెడుతున్నారని, మద్రాసు డాక్టర్లు వస్తున్నారని తెలిసినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు బట్టల మూట కట్టుకున్నది అవ్వే. క్యాంపు రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల అక్కడి బడిలో పేరు రాయించుకున్నవాళ్ళకే ఆపరేషను. ఆ తర్వాత ఎవరినీ తీసుకోరు. మళ్ళీ క్యాంపు ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. బస్సులో నిలబడి వెళ్ళే ఓపిక ఆమెకు లేదు కాబట్టి కారులోనే అని తీర్మానమైంది. అయితే కారులో కూర్చుంటే పెట్రోలు వాసనకు ఆమెకు కడుపులో తిప్పేది. ఆ వాసన పని పట్టే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

రెండు రోజులు బానెట్‌లో తలపెట్టి పనిచేశాను. ముందుగా కార్బురేటర్ ఊడదీసి కిరసనాయిలుతో కడిగాను. ఆ తర్వాత దాని గురించి అందరూ నన్ను కడిగారు, అది వేరే సంగతి. తిరిగి బిగించాక ఒక చిన్న ఇత్తడి రింగు మిగిలింది. ఎక్కడిదో ఎంత ఆలోచించినా తెలియలేదు. బండి స్టార్టయింది కాబట్టి అది అదనపు రింగు అని నిర్ణయించుకుని జేబులో వేసుకున్నాను. పెట్రోలు మూత వాషరు అరిగిపోయి ఉంటే ట్రాక్టరు ట్యూబు కత్తిరించి కొత్తది వేశాను. అప్పుడు మూత లోపల సన్నని బొక్క కనిపించింది. వాసన దొంగ దొరికాడని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

సరిగ్గా ఆ రోజు మా ఇంటి ముందు గిన్నెలకు కళాయి వేసే మస్తాన్ భాయ్ కొలిమి పెట్టి ఉన్నాడు. ఆరు నెలలకోసారి ఆయన వస్తే మా వీధిలో ఇత్తడి గిన్నెలన్నీ బయటికి వచ్చేవి. తిత్తి ఊదుతుంటే బొగ్గులు ఎర్రబడేవి, కాలిన గిన్నెలో నవాసాగరం చల్లగానే తెల్లటి పొగ ముక్కుల్లోకి ఘాటుగా ఎక్కేది, తగరం కడ్డీ ఒకసారి తాకించి దూదితో తుడిస్తే నల్లటి గిన్నె లోపల వెన్నెల పాకినట్టు తెల్లబడేది. అవ్వ అరుగు మీద కూర్చుని ఒక్కొక్క గిన్నె అందుకుని, వేలితో లోపలంతా తడిమి, సరిగా పట్టనిదాన్ని తిరిగి ఇచ్చేసేది. ఆయన మారుమాట్లాడకుండా మళ్ళీ పొయ్యిలో పెట్టేవాడు. ఆ గిన్నెల మధ్యలోకి నేను పెట్రోలు మూత తీసుకెళ్ళి, వాషరు తీసి బాగా కడిగాననీ, ఆ బొక్క పూడ్చమనీ అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"అబ్బయ్యా, ఇది తుప్పు తిన్న బొక్క మాదిరి లేదే. చేసినోడే కావాలని పెట్టినట్టు ఉండాది."

చేసినవాడు పరాకున ఉండి ఉంటాడని, కావాలంటే దాని శాస్త్రం చెబుతానని అన్నాను. శాస్త్రం మాట వినగానే ఆయన మూత పొయ్యిలో పెట్టాడు. నాకు తెలిసిన శాస్త్రానికి అంతకంటే మంచి చోటు లేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక్క చుక్క తగరంతో బొక్క పూడిపోయింది. మూత బిగించి చూస్తే వాసన నిజంగానే లేదు. అవ్వ కారు పక్కన నిలబడి గాలి పీల్చి, మనవడు చదువుకున్నందుకు ఫలితం కనబడిందని అమ్మతో అంది.

క్యాంపు రోజున ఏడింటికల్లా బయలుదేరాం. ఎందుకైనా మంచిదని టాంకు నిండా పెట్రోలు పోయించాను. ముందు సీట్లో నేను, నాయన, ఆ చివర మస్తాన్ భాయ్. ఆయన కూతుర్ని ఆత్మకూరులో ఇచ్చారు, చూసిరావడానికి మాతో వచ్చాడు. వెనక సీట్లో అవ్వ, అమ్మ ఒళ్ళోకి కాళ్ళు చాపుకుని, సీటు వీపుకు చెవి ఆనించి పడుకుంది. రెండు గంటల దారి. పన్నెండుకు కాదు, తొమ్మిదిన్నరకే అక్కడుంటామని నాయనకు మాటిచ్చాను.

దుత్తలూరు ఇంకా రాకముందే బండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. దిగి బానెట్ ఎత్తి, పంపు దగ్గర గొట్టం ఊడదీసి ఊది, మళ్ళీ బిగించాను. ముప్పావుగంట పట్టింది. తాళం తిప్పగానే చక్కగా స్టార్టయింది. చెత్త అడ్డం పడిందని, తీసేశానని చెప్పాను. చెత్త నేను చూడలేదు, కానీ చూసినట్టే చెప్పాను. దుత్తలూరు దాటి నాలుగైదు మైళ్ళు పోయాక మళ్ళీ అదే దగ్గు, అదే ఆగడం. ఈసారి కార్బురేటర్ మూత విప్పి, అందులో ఏముందో చూసి, ఏమీ అర్థం కాక, అర్థమైనవాడిలా తల ఊపి, మళ్ళీ మూశాను. అప్పుడే వెనకనుంచి ఆత్మకూరు బస్సు వచ్చి మా పక్కన ఆగింది. కండక్టరు ఎరిగినవాడు. ముందు సీటు ఒకటి ఖాళీ చేయిస్తానని, ముసలామెను ఎక్కించమని అడిగాడు. అయిదు నిమిషాల్లో మీ బస్సునే దాటేస్తానని చెప్పి చెయ్యి ఊపాను. నాయన నా వైపు ఒకసారి చూశాడు. ఇంకో ముప్పావుగంటకు నిజంగానే బండి స్టార్టయింది. ఆ ఆనందంలో నేను ఈల వేసినట్టు కూడా గుర్తు.

మూడోసారి ఆగినప్పుడు ఈల రాలేదు. చుట్టూ మెట్ట చేలు, ఎండిన కంది మోళ్ళు, ఒక్క మనిషి లేడు. నాయన గడియారం చూసుకున్నాడు. పదిన్నర దాటింది. పన్నెండు లోపల ఇంకో బస్సు లేదు. పంపు గొట్టం తీసి నోటితో పీల్చాను. టాంకు నిండుగా ఉన్నా పెట్రోలు చుక్క రాలేదు, దాని రుచి మాత్రం నోరంతా పాకింది. పరీక్షలో వాయుపీడనం మీద పేజీన్నర రాసి మంచి మార్కులు తెచ్చుకున్న మనిషిని. ఆ క్షణాన పీడనమంతా నా మీదే ఉంది. ఆత్మకూరుకు బయలుదేరినప్పుడున్న ఆత్మవిశ్వాసంలో ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. జేబులో చెయ్యి పెడితే ఇత్తడి రింగు వేలికి తగిలింది. అది ఏ కీలకమైన చోటుదో, దాన్ని దాచుకుని అవ్వను నడిరోడ్డు మీద పడేశానేమో అనిపించి చెమటలు పట్టాయి. నాయన నా పక్కకు వచ్చి, గొంతు పెంచకుండా అడిగాడు.

"బస్సును ఎందుకు పంపించినావురా?"

తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ జీవితకాలం రాళ్ళు నములుతూ కూర్చోవడం, ఆ రాళ్ళు పళ్ళెం అంచున వరసగా పెట్టడం, ఆ వరసను నేను రోజూ చూడటం, ఇదంతా ఆ ప్రశ్నలో ఉంది. సరిగ్గా అప్పుడు వెనక సీట్లోంచి అవ్వ పిలిచింది.

"రేయ్ శీనా, నా వీపు వెనకాల ఏముండాదిరా?"

డిక్కీ అనీ, అందులో పెట్రోలు టాంకు అనీ చెప్పాను.

"అది రేకుదేనా? బండి ఆగే ముందర ప్రతిసారీ డుబుక్కుమని లోపలికి పోతా ఉండాది. శానాసేపటికి టప్పుమని బయటికొస్తాది. అది బయటికొచ్చినాకనే నీ బండి కదలతా ఉండాది. నువ్వేమో ముందర ఏందో ఊడపీకినందుకు కదిలిందనుకుంటా ఉండావు."

నేను నిలబడిపోయాను. బండి నిలబడటం, నేను నిలబడటం పొద్దుటి నుంచీ జరుగుతున్నదే గాని, ఇది వేరే నిలబడటం. అవ్వ, అమ్మ చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది.

"శెనగనూనె డబ్బాకి ఒక్క బొక్క పొడిచి వంచితే ఏమైతాదిరా? కాస్త పడి ఆగిపోతాది. డబ్బా నొక్కుకుపోతాది. గాలి పోయేదానికి ఇంకో పక్క పొడవాల. వంటింట్లో ఉండే ఆడోళ్ళందరికీ తెలుసే ఇది. ఆ టాంకుకి గాలి బొక్క ఉండాదా లేదా?"

నేను నోరు తెరిచేలోపల రోడ్డు పక్కన నిలబడి ఉన్న మస్తాన్ భాయ్ తల దించుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"ఉండె అమ్మా. నేనే పూడ్చినాను."

ఎవరు పూడ్చమన్నారో ఆయన చెప్పలేదు. తను అప్పుడే అడిగాననీ చెప్పలేదు. నాయన ఆయన వైపు తిరిగాడు. ఇంకొక్క క్షణం నేను ఊరుకుంటే ఆ తప్పు ఆయన మీద ఉండిపోయేది, ఆయన మోసుకుని పోయేవాడు కూడా. ఆయన వద్దంటున్నా నేనే పూడ్చమన్నానని, శాస్త్రం చెబుతానని బెదిరించానని చెప్పాను. మొదలుపెట్టాక ఆపడం చేతకాక రింగు కూడా జేబులోంచి తీసి నాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, ఇదేంది అన్నాడు. తెలియదన్నాను. ఈనాటికీ తెలియదు.

వెనక్కి వెళ్ళి మూత తిప్పాను. నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషి ఊపిరి పీల్చుకున్నట్టు టాంకు పెద్దగా గాలి లాక్కుంది. డిక్కీలోంచి టప్పుమని చప్పుడు. అవ్వ లోపలి నుంచి, అదే అదే అంది. మస్తాన్ భాయ్ సంచిలోంచి మేకు తీసి, మూతను బండకు ఆనించి, రాయితో రెండు దెబ్బలు కొట్టాడు. తన చేత్తో వేసిన కళాయిని తన చేత్తోనే పొడవడం చూస్తుంటే నాకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. మూత బిగించి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. ఆ తర్వాత ఆత్మకూరు దాకా అది దగ్గలేదు, తుమ్మలేదు. పెట్రోలు వాసన మళ్ళీ కాస్త వచ్చింది. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రానీలేరా, అది ఊపిరి తీస్తా ఉండాదని తెలిస్తే చాలు అంది.

బడి దగ్గర దిగేసరికి పన్నెండు దాటి పది నిమిషాలు. వరండాలో పేర్లు రాసే ఆయన పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు. వేళ అయిపోయిందన్నాడు. నాయన, ఎవరి ముందూ గొంతు తగ్గించి ఎరగని మనిషి, రెండు చేతులు జోడించాడు. నేను దారిలో జరిగింది చెప్పబోయి తడబడ్డాను. అవ్వ, అమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని, ఆయన గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"పొద్దున్నే ఏడింటికి బయలుదేరినాము నాయనా. దోవలో బండికి ఊపిరాడలేదు, కాసేపు పట్టింది. నేను బాగానే ఉండాను."

ఆయన నవ్వాడు. పుస్తకం తెరిచి, చివరి వరస కింద గీసిన గీత కింద ఇంకో పేరు రాశాడు. వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. మస్తాన్ భాయ్ ఎక్కడినుంచో టీ తెచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడి, అప్పుడు కూతురింటికి వెళ్ళాడు.

ఆ మరుసటి సంవత్సరం నాకు సైన్సు మాస్టరు ఉద్యోగం వచ్చింది. పదవీ విరమణ దాకా ఏ ఊళ్ళో పనిచేసినా, వాయుపీడనం పాఠం వచ్చినప్పుడు ఎవరింట్లోంచో నూనె డబ్బా తెప్పించి, ఒక బొక్క పొడిచి, వంచి చూపించి, తర్వాత రెండోది పొడిచేవాణ్ణి. ఇప్పుడు నెల్లూరులో నా కారు సర్వీసుకు ఇస్తే, ఒక తీగ తగిలించి తెర మీద అంకెలు చూసి రోగం చెబుతున్నారు. మంచిదే, నాకు అందులో ఫిర్యాదు లేదు. దారిలో ఆగకుండా ఇంటికి చేరుస్తోంది. కాకపోతే ఇప్పుడు బండి ఎందుకు ఆగిందో బండిలో కూర్చున్నవాళ్ళెవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ఆనాటి బండ్లు మొరాయించి మనుషులందరినీ రోడ్డు మీద దించేవి. దించాక ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఎలాంటివాళ్ళో బయటపడేది. నాకు ఏమీ తెలియదన్న సంగతి అంత స్పష్టంగా బయటపడిన రోజు ఇంకొకటి లేదు. అయినా ఆ రోజును తలుచుకుంటే సిగ్గుకంటే ముందు హాయిగా ఉంటుంది.

అవ్వకు ఎడమ కంటికి ఆపరేషను చేశారు. అమ్మ దగ్గరుండి చూసుకుంది. వారం తర్వాత కట్టు విప్పి, సోడాబుడ్డి అడుగులంత మందం కళ్ళద్దాలు పెట్టి పంపుతామని కబురొస్తే నేను కారు తీశాను. నాయన బస్సులో తీసుకొస్తానన్నాడు గాని, అవ్వే నన్ను పంపమని చెప్పిందట. నేను వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను అడుగుల చప్పుడుతో పోల్చుకుని, ఆ తర్వాత అద్దాలు సర్దుకుని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె నన్ను చివరిసారి సరిగా చూసినప్పుడు నేను హైస్కూలు చదువుతున్నాను. ఇంత పొడుగు ఎప్పుడైనావురా అంది. ఇంకోసారి చూసి, నల్లబడినావు కూడా అంది.

తిరుగు ప్రయాణంలో వెనక సీటులో కూర్చోనంది. ముందు సీట్లో నా పక్కన, అద్దానికి దగ్గరగా జరిగి కూర్చుంది. ఏడాదిగా నేను తోలుతున్న రోడ్డు అది, ప్రతి మలుపూ తెలుసనుకునేవాణ్ణి. ఊరి పొలిమేర దాటగానే ఆమె మొదలుపెట్టింది. "గుంత ఉండాది, చూసి తోలు." ఇంకాస్త పోగానే, అదుగో ఇంకోటి, ఎడమ పక్క. రోడ్డు మీద ఆరబోసిన జొన్న, అడ్డం రాబోయే మేక, ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషి, ఆ మనిషి సరిగా కట్టుకోని పంచె, దేన్నీ వదలకుండా చెప్పుకుంటూ వచ్చింది. అమ్మ వెనక సీట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా తెలుసులే అవ్వా అనలేదు. దుత్తలూరు దాకా, అక్కణ్ణుంచి ఉదయగిరి దాకా ఆమె ఒక్క గుంతను కూడా వదల్లేదు. నేను ఆమె వైపు చూస్తూ తోలడంవల్ల వాటిల్లో మూడింటిలో పడ్డాను.